క్యాలెండర్లో చెయ్యి

బుల్లిరాజు చెయ్యి క్యాలెండర్లో పడింది. మొహం పడలేదు. రొయ్యల మేత అమ్మే కంపెనీ ఒకటి తొంభై మూడు చివర్లో క్యాలెండర్ వేస్తూ, బాగా ఎదిగిన రొయ్యని అరచేతిలో పెట్టుకున్న రైతు చెయ్యి కావాలంది. మా ఊరొచ్చి చాలా చేతులు చూశారు. ఒకరి గోళ్ళలో బురద దిగి ఉంది. ఒకరి గోళ్ళు నిలువునా చిట్లాయి. ఒకాయన బొటనవేలు ఎప్పుడో కొడవలికి తెగి వంకరగా అతుక్కుంది. బుల్లిరాజు చేతికి మాత్రం ఒక్క గీత లేదు. ఎక్కడినుంచి వస్తుంది, ఆ చెయ్యి ఏదైనా పట్టుకుంటే కదా.

అలా ఏ పనీ చెయ్యని చెయ్యి రైతు చెయ్యి అనిపించుకుని, భీమవరం చుట్టుపక్కల ఇళ్ళ గోడల మీద ఏడాదంతా వేలాడింది.

బుల్లిరాజు నాకు తోడల్లుడు. మా మామగారికి ఇద్దరూ కూతుళ్ళే. పెద్దావిడ సూర్యావతి నా భార్య. అప్పటికి ఆవిడ పోయి నాలుగేళ్ళు. చిన్నావిడ రామతులసి ఇతని భార్య. మామగారు ఇద్దరికీ చెరో రెండెకరాలు పక్కపక్కనే రాసిచ్చి పోయారు. నా భార్య వాటాలో నేను వరి వేస్తున్నాను. రామతులసి వాటాని బుల్లిరాజు రొయ్యల చెరువు చేశాడు. ఒక్క పంట అన్నాడు. తరవాత ఇంకొక్కటి అన్నాడు. నేను చెప్పే కథ మూడో పంట నాటిది.

ఆ మూడో పంట మీద మొగుడూ పెళ్ళాలకి ఒక ఒప్పందం ఉంది. పంట చేతికొస్తే ఇతను ఆ డబ్బుతో మొగల్తూరు వైపు చెరువులు లీజుకి తీసుకుంటాడు. ఆవిడ భూమి ఆవిడకి వదిలేస్తాడు. పంట పోతే భూమి అమ్మేసి పంట ఖర్చులు తీర్చాలి. కొనేవాడు కూడా సిద్ధంగా ఉన్నాడు. రామతులసికి కావలసింది ఒకటే. వాళ్ళ నాన్న నాట్లు వేయించిన భూమిలో మళ్ళీ నాట్లు పడాలి. ఇంకే కోరికా ఉన్నట్టు నేనెప్పుడూ వినలేదు.

క్యాలెండర్ వచ్చాక బుల్లిరాజుకి గోళ్ళ పిచ్చి పట్టింది. అంతకుముందూ ఉండేది. ఎడమచేతి చిటికెనవేలి గోరు అంగుళం పెంచి, అరక పట్టే వంశం కాదని ఊరికి చూపించుకునేవాడు. ఇప్పుడు పది గోళ్ళకీ సేవ మొదలైంది. పొద్దున్న కాఫీ తాగి అరుగు మీద పడక్కుర్చీలో కూర్చుంటాడు. రామతులసి స్టీలు గిన్నెలో వెచ్చటి నీళ్ళు తెచ్చి పెడుతుంది. వేళ్ళు నానేస్తాడు. నిమ్మతొక్కతో ఒక్కొక్క గోరూ రుద్దుతాడు. మెత్తటి తువ్వాలుతో అద్దుతాడు. ఆ తరవాత ఆముదం, వేలికొక చుక్క. వారానికోసారి పైన రంగులేని గోళ్ళరంగు. ఆడవాళ్ళ పత్రికలో చదివి రోజుకి రెండు గుడ్లు, అరలీటరు పాలు పుచ్చుకునేవాడు. అవి కూడా గోళ్ళకేనట.

"గోళ్ళనేవి ఆరోగ్యానికి అద్దమండి అన్నగారూ," అన్నాడొకసారి నాతో.

"అద్దంలో ఏం కనపడుతోందండి?"

"కాల్షియమండి."

సూర్యావతి గోళ్ళ గురించి ఇంత ప్రసంగం చేసేది కాదు. స్నానం చేశాక మెత్తగా ఉన్నప్పుడు తిన్నగా కత్తిరించమనేది. మూలలు తవ్వద్దనేది. చెయ్యి తడిస్తే వెంటనే తుడుచుకోమనేది. తలకి రాసుకున్న కొబ్బరినూనెలో చేతికి మిగిలింది గోళ్ళకి పట్టించమనేది. గోటితో డబ్బా మూతలు తీస్తే తిట్టేది. అంతే. ఆవిడ పోయాక కూడా నేను అలాగే చేస్తున్నాను. మానడానికి కారణం కనపడలేదు. నా గోళ్ళు పొట్టిగా, గట్టిగా ఉంటాయి. వాటిని ఎవరూ ఫొటో తియ్యరు.

రామతులసి గోళ్ళు చూస్తే జాలికంటే ముందు కోపం వస్తుంది. పొద్దస్తమానం సర్ఫు నీళ్ళలో, అంట్ల నీళ్ళలో చేతులు. తుడుచుకునే ఓపిక ఉండదు. గోళ్ళు ఉల్లిపొరల్లా లేచిపోయాయి. కుడి బొటనవేలికి గోరుచుట్టు వచ్చి వాచింది. నిమ్మకాయకి చిల్లి పొడిచి వేలికి తొడుక్కుని తిరుగుతోంది. ఆ ఇంట్లో నిమ్మకాయలు రెండు రకాలుగా ఖర్చయ్యేవి. మొగుడి గోళ్ళ మెరుపుకి తొక్క, పెళ్ళాం వేలి నొప్పికి కాయ.

"ఆసుపత్రికి వెళ్ళి చీము తీయించుకో తులసీ," అన్నాను.

"ఆదివారం ఫొటో అయిపోయాక వెళ్తానండి బావగారూ. ఈలోగా ఈయన గోళ్ళకి నీళ్ళు ఎవరు పెడతారు."

ఆవిడ వెటకారంగా అందో, నిజంగానే అందో నాకు తెలీలేదు. ఆదివారం మళ్ళీ ఫొటో. కొత్త సంవత్సరం క్యాలెండర్‌కి కూడా కంపెనీవాళ్ళు ఇతని చెయ్యే కావాలన్నారు.

గురువారం పొద్దున్న నేను వాళ్ళ అరుగు మీద ఉన్నాను. చెరువు ఉప్పునీరు నా మడిలోకి ఊరుతోంది, గట్టు పక్కన కాలువ తవ్వించమని అడగడానికి వెళ్ళాను. అడగడం అది ఆరోసారో ఏడోసారో. బుల్లిరాజు ఆముదం దగ్గర ఉన్నాడు. అప్పుడు చెరువు కాపలా అప్పాజీ సత్తు పళ్ళెంలో నాలుగు రొయ్యలు పట్టుకొచ్చాడు. నలభై దాటిన మనిషి. మేత తింటున్నాయో లేదో చూడటానికి నీళ్ళలోకి దించే చెక్ ట్రేలోంచి తీసినవి.

"రాజుగారండీ, తలకాయల మీద తెల్లగా చుక్కలు కనపడతన్నాయండి. మేత కూడా తినలేదండి."

బుల్లిరాజు పది వేళ్ళూ గాలిలోకి ఎత్తి పట్టుకుని, మెడ మాత్రం ముందుకి చాపి చూశాడు.

"మొన్న చెరువులో సున్నం చల్లించాం కదరా. అదే పట్టుకునుంటుంది."

"ఆయ్, అదేనండి."

అప్పాజీ అంతే. రాజుగారు వానంటే ఆయ్ అంటాడు, ఎండంటే ఆయ్ అంటాడు.

"సున్నమైతే గోటితో గీకితే పోతుంది," అన్నాను నేను. "డొప్ప లోపలి మచ్చైతే పోదు. నరసాపురం వైపు చెరువులకి చెరువులు ఇలాగే పోతున్నాయని విన్నాను. గీకి చూడండి."

"ఇప్పుడా అండి?"

"కాదండి, ఉగాదికి."

"తమరికి అన్నీ వెటకారమేనండి. ఇప్పుడే ఆయిల్ పెట్టాను. ఈ నీచు గోటి సందుల్లోకి వెళ్తే ఆదివారం దాకా వదలదండి."

"ఫొటోలో వాసన పడుతుందా అండి?"

బుల్లిరాజు అప్పాజీ వైపు తిరిగాడు. "నువ్వు గీకరా."

అప్పాజీ గీకడానికి అతనికి గోళ్ళుంటే కదా. కాపలా కాస్తూ పది వేళ్ళూ నోట్లో పెట్టుకుని మాంసం దాకా కొరికేశాడు. వేలి కొసతో రొయ్య తల మీద నాలుగుసార్లు రుద్దాడు.

"పోయినట్టే ఉందండి."

"ఎక్కడ పోయింది?" అన్నాను.

"ఆయ్, పోలేదండి."

గుమ్మంలో రామతులసి నిమ్మకాయ వేలు ఎత్తిపట్టుకుని నిలబడింది. ఆవిడ గోరు ఆనిస్తే ఆవిడ గోరే మడతపడుతుంది. ఒకడు గోళ్ళు కొరుక్కుతిన్నాడు, ఒకావిడ నానబెట్టి పాడుచేసుకుంది, ఒకడు దాచుకున్నాడు. ఆ చెరువుని నమ్ముకున్న ముగ్గురి చేతుల్లో పనికొచ్చే గోరు ఒక్కటి లేదు.

నేనే ఒక రొయ్యని తీసుకుని బొటనవేలి గోటితో గీకాను. గోటి కింద జిగురు చేరింది గాని చుక్క కదల్లేదు. రెండోది గీకాను. అదీ అంతే.

"పట్టుబడి పెట్టండి," అన్నాను. "ఇవాళే వలవాళ్ళకి చెప్పండి. బతికున్నప్పుడు పడితే రొయ్య. రేపో ఎల్లుండో తేలితే పెంట."

"తమరు వరి రైతులండి," అన్నాడు బుల్లిరాజు నవ్వుతూ. "రొయ్య తమరికి తెలీదు. ఇంకో రెండు వారాలుంటే ఒక్కొక్కటీ ఎంత తూగుతుందో తెలుసాండి? పైగా ఆదివారం ఫొటో చెరువు గట్టు మీదే తీస్తారట. ఇవాళ చెరువు ఖాళీ చేసేస్తే ఆదివారం ఏం పట్టుకుని నిలబడనండి?"

రామతులసి మొగుడి వైపు చూసింది. నా వైపు చూసింది. నేను ఒకసారి చెప్పాను. రెండోసారి చెప్పే అలవాటు నాకు లేదు. కాలువ సంగతి కూడా అడక్కుండా లేచి వచ్చేశాను. ఆ మధ్యాహ్నమే బుల్లిరాజు భీమవరం వెళ్ళిపోయాడు. మేత డీలరు ఇంట్లో దిగి, క్షవరం చేయించుకుని, కొత్త లాల్చీ కుట్టించుకుని, ఆదివారం కంపెనీవాళ్ళ కారులోనే వస్తాడట.

శుక్రవారం పొద్దున్న నేను మడిగట్టు మీద ఉంటే రామతులసి వచ్చింది. చేతిలో మూత పెట్టిన గిన్నె. ఎవరైనా చూస్తే బావగారికి చద్దన్నం తెచ్చిందనుకుంటారు. మూత తీసింది. రొయ్యలు. మచ్చలు నిన్నటికంటే పెద్దవయ్యాయి. తోకలు ఎర్రబారుతున్నాయి.

"పొద్దున్న గట్టు వారకి కొన్ని చేరాయండి. పట్టుకోబోతే పారిపోలేదు," అంది.

"నిన్ననే చెప్పాను."

"ఇంకోసారి గీకి చూడండి బావగారూ."

"నేను గీకితే నా మాట అవుతుంది. రేపు మీ ఆయన అడిగితే బావగారు చెప్పారని అంటావు. నేను వరి రైతుని. నువ్వే గీకు."

"నా గోళ్ళు చూస్తూనే ఉన్నారు కదండీ."

"చూస్తూనే ఉన్నాను. అంట్లు తోమాక చెయ్యి తుడుచుకోడానికి పమిట లేదా నీకు? మీ అక్క వంద అంట్లు తోమింది. ఆవిడ గోరు ఒక్కటి పొర లేవలేదు."

"మా అక్క చేత ఎవరూ గోళ్ళకి నీళ్ళు పెట్టించుకోలేదండి," అంది.

నా కండువా ఇచ్చాను. చేతులు తుడుచుకుంది, వేలు వేలూ. ఎండలో కాసేపు పట్టుకుంది. బొటనవేళ్ళు పనికిరావు. చూపుడువేలి గోరు ఆనించగానే వంగింది. ఎడమచేతి ఉంగరంవేలి గోరు ఒకటి కాస్త గట్టిగా మిగిలింది. దానితో గీకింది. మళ్ళీ గీకింది. కళ్ళు దగ్గరగా పెట్టి చూసింది. గోరు డొప్ప అంచులోకి దిగి డొప్ప మొత్తం ఊడి వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న రొయ్యకి డొప్ప అలా ఊడదు. దాన్ని ఎండకి ఎత్తి పట్టుకుంది. మచ్చలు డొప్పలోనే ఉన్నాయి, సున్నపురాయిలో గవ్వ ఉన్నట్టు.

"లోపలివేనండి," అంది.

"ఊఁ."

"ఆయన ఒప్పుకోరండి."

"భూమి ఎవరి పేరున ఉంది?"

ఆవిడ ఆ డొప్పని గిన్నెలో వేసి మూత పెట్టింది. నిమ్మకాయ వేలినుంచి లాగి కాలువలో పారేసింది. గట్టు మీదుగా చెరువు వైపు నడిచింది. నేను వెనకాలే వెళ్ళాను. నన్ను రమ్మనలేదు, వద్దనలేదు.

అప్పాజీ షెడ్డు ముందు కూర్చుని ఉన్నాడు.

"వలవాళ్ళకి కబురు పెట్టు. పట్టుబడి," అంది.

"రాజుగారు చెప్పాలి కదండి అమ్మగారూ." అప్పాజీ ఆలోచనలో పడ్డాడు. ఆలోచన వస్తే వేళ్ళు నోట్లోకి వెళ్తాయి.

"ముందు ఆ వేళ్ళు నోట్లోంచి తియ్యి. ఈ భూమి ఎవరిది?"

"తమరిదేనండి."

"మరి నేను చెప్తున్నాను కదా."

"ఆయ్. రాజుగారు అడిగితే ఏం చెప్పనండి?"

"ఆయ్ అని చెప్పు. నీకు వచ్చింది అదే కదా."

అతను నవ్వాలో వద్దో తెలీక నా వైపు చూశాడు. నేను నవ్వలేదు. సైకిలు తీసి వెళ్ళాడు.

నేను ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి రొయ్యలు కొనే ఏజెంటుకి ఫోన్ చేశాను. మచ్చల సంగతి దాచలేదు. అతను నిట్టూర్చి, నిన్నటినుంచి ఇలాంటి ఫోన్లు నాలుగు వచ్చాయన్నాడు. ఆలస్యం చేస్తే ఐసు దొరకదన్నాడు. చిన్న రొయ్యకి చిన్న ధరే అన్నాడు. సరే అన్నాను. ధర గురించి బేరమాడటానికి ఆ రొయ్య నాది కాదు, ఆడే సమయమూ కాదు.

శనివారమంతా వలలు లాగారు. నీరు తగ్గించి మళ్ళీ లాగారు. రామతులసి గట్టు మీదే నిలబడింది. వాచిన బొటనవేలికి గుడ్డ కట్టుకుని, బుట్ట బుట్టా చూసుకుంది. ఆదివారం పొద్దున్నకి ఆఖరి బుట్టలు మిగిలాయి. ఖర్చులు గట్టెక్కుతాయని ఏజెంటు మనిషి లెక్క చెప్పాడు. లాభం లేదు. భూమి అమ్మక్కర్లేదు. ఆవిడ అది రెండుసార్లు చెప్పించుకుని విన్నది.

అప్పుడు కారు వచ్చింది. ముందు ఫొటోగ్రాఫరు దిగాడు. తరవాత మేత కంపెనీ మనిషి. ఆ తరవాత బుల్లిరాజు. తెల్ల లాల్చీ, జుట్టుకి నూనె, చేతులు రెండూ పొట్టకి కాస్త దూరంగా, ఎక్కడా తగలకుండా. గోళ్ళు ఎండకి తళతళలాడుతున్నాయి. చెరువు వైపు చూశాడు. అడుగున బురద కనపడుతోంది.

"ఎవరిని అడిగి పట్టించారు?" అన్నాడు. నన్నే అడిగాడు. ఆవిడ అలాంటి పని చేస్తుందని అతనికి తోచలేదు.

"నేనే పట్టించానండి," అంది రామతులసి. "మచ్చలు లోపలివి. గీకి చూశాను."

"నువ్వు గీకి చూశావా." ఆవిడ చేతుల వైపు చూసి నవ్వాడు. "వాటితోనా."

కంపెనీ మనిషికి ఇంటి గొడవలు అక్కర్లేదు. "పోనీలెండి రాజుగారూ, ఒక్క రొయ్య చాలు మాకు. వెలుగు బాగుంది," అన్నాడు. ఆఖరి బుట్టలోంచి పెద్దది ఒకటి ఏరి బుల్లిరాజు అరచేతిలో పెట్టాడు. ఫొటోగ్రాఫరు మోకాలి మీద కూర్చుని కెమెరాలోంచి చూశాడు.

"తల మీద తెల్లగా ఏదో పడుతోందండి. కాస్త తుడవండి."

బుల్లిరాజు జేబురుమాలు తీసి తుడిచాడు.

"పోలేదండి. గోటితో గీకండి."

అప్పుడు గీకాడు. పెళ్ళాం భూమి పోతుందంటే గీకనివాడు, పంట పోతుందంటే గీకనివాడు, ఫొటోలో మచ్చ పడుతుందంటే గీకాడు. చూపుడువేలితో గీకాడు. ఆ పెంచిన చిటికెనవేలితో కూడా గీకాడు. గోరు విరగలేదు. అన్ని గుడ్లు, అంత ఆముదం పోసి పెంచిన గోరు ఎందుకు విరుగుతుంది. మంచి గోరు. మచ్చ మాత్రం పోలేదు. వలవాళ్ళు తాళ్ళు చుట్టడం ఆపి చూస్తున్నారు. అతను ఇంకా గీకుతూనే ఉన్నాడు. ఎప్పుడు అర్థమైందో తెలీదు గాని ఒక చోట చెయ్యి ఆగింది.

కంపెనీ మనిషికి అతనికంటే ముందే అర్థమైంది. ఆ మేత వేసే చెరువులన్నీ తిరిగే మనిషి. ఫొటోగ్రాఫరుని లేవమన్నాడు. మళ్ళీ కలుస్తామని చెప్పి కారెక్కాడు. కారు రివర్సు తిప్పుకునేదాకా బుల్లిరాజు ఆ రొయ్యని అరచేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు, ఫొటో ఇంకా తీస్తున్నట్టు.

తరవాతి వారంలో ఆ కాలువ వెంట చెరువులన్నిట్లో రొయ్యలు చచ్చి తేలాయి. కొందరు ఆ నీళ్ళు అలాగే డ్రెయిన్‌లోకి వదిలేసి పక్కవాడిని కూడా ముంచారు. రామతులసి వదల్లేదు. అడుగున మిగిలిన నీటిలో బ్లీచింగ్ పోయించి, దాని ఘాటు పోయేదాకా తూము తెరవనివ్వలేదు. ఈలోగా ఆసుపత్రికి వెళ్ళి వేలు కోయించుకుని చీము తీయించుకుంది.

ఊళ్ళో బుల్లిరాజుని మెచ్చుకున్నారు. అందరికంటే ముందు పట్టుబడి పెట్టిన తెలివైనవాడని. అతను కాదనలేదు. టీ కొట్టు దగ్గర కూర్చుని, రొయ్య తల మీద మచ్చని ఎలా గీకి చూడాలో వేళ్ళు చాపి చూపించేవాడు. ఆ మెప్పు తలకెక్కి ఇంటికొచ్చి మళ్ళీ చెరువు మాట ఎత్తాడు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"ఇప్పుడు రొయ్య పిల్ల చవగ్గా దొరుకుతోంది తులసీ. అందరూ భయపడి వెనక్కి తగ్గారు. ఇదే సమయం. ఇంకొక్క పంట."

"గట్టు కొట్టించేస్తున్నానండి," అంది. "రేపు ట్రాక్టరు వస్తుంది."

"నాతో ఒక్క మాట చెప్పక్కర్లేదా?"

"ఇప్పుడు చెప్పాను కదండి."

"ఉప్పు పట్టిన నేల. అందులో గడ్డి కూడా మొలవదు. నలుగురూ నవ్వుతారు."

"నవ్వనివ్వండి. ఈ ఊరు దేనికి చప్పట్లు కొడుతుందో చూశాను."

మర్నాడు ట్రాక్టరు గట్టు మట్టిని చెరువులోకి తోస్తుంటే బుల్లిరాజు రోడ్డు మీదనుంచి డ్రైవరుని ఆపమని చెయ్యి ఊపాడు. డ్రైవరు రామతులసి వైపు చూశాడు. కానివ్వమంది.

ఆ రెండెకరాలకీ వరసగా కాలువ నీరు పెట్టి కడిగింది. మొదటి రెండు పంటలూ ఉప్పుకి మాడిపోయాయి. బుల్లిరాజు గట్టున నిలబడి, చెప్పానా అన్నాడు. మూడోది నిలబడింది. ఇప్పుడు ఎవరైనా అడిగితే, రొయ్య మానేసి మళ్ళీ వరికి రావాలన్న ఆలోచన తనదేనంటాడు. ఆవిడ విని ఊరుకుంటుంది.

నేను ఊరుకోను.